మీటరుకు నాలుగు వేళ్ళు తక్కువ

నాకు ఓర్వలేనితనం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే ఇదంతా ఎవడో కెమెరా లెన్సు కొనుక్కున్న కథ అనుకుంటారు. లెన్సు కొన్నమాట నిజమే. ఏ బుద్ధితో కొన్నానో అదీ చెబుతాను.

కదిరి బజారులో మా నాయనది బట్టల అంగడి. దానికి మూడు అంగళ్ళ అవతల నా ఫోటో స్టూడియో. పెళ్ళిళ్ళు, చెవులు కుట్టే ఫంక్షన్లు, పాస్‌పోర్టు కోసం తెల్లగుడ్డ ముందు బిగుసుకుపోయిన మొహాలు, ఇదీ నా బతుకుతెరువు. ఆ పనంతా డిజిటల్ కెమెరాతో. నా సంతోషానికి మాత్రం ఒక పాత రేంజ్‌ఫైండర్ పెట్టుకున్నాను. ఫిల్ము కెమెరా. నలుపు తెలుపు ఫిల్ము వేసి, స్టూడియో వెనక గదిలో నేనే కడుక్కుంటాను.

ఇదే పిచ్చి ఉన్నవాడు ఊళ్ళో ఇంకొకడున్నాడు. బస్టాండు దగ్గర స్టూడియో వాడిది. నాకన్నా నాలుగేళ్ళు చిన్న, నన్ను అన్నా అంటాడు. వాళ్ళది పరుపులు కుట్టే కుటుంబం. వాళ్ళ నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మా అంగట్లో మా నాయన బాసింపట్టు వేసుకుని కూర్చునే పరుపు కూడా ఆయన చేతిదే. మేమిద్దరం ఒకే రోజు బెంగళూరు పోయి, మూతబడుతున్న ఒక స్టూడియోలో ఒకే రకం రేంజ్‌ఫైండర్లు రెండు కొన్నాం. కెమెరాలు రెండూ కవలలు. వాటితో వచ్చిన లెన్సులే వేరు. చీటీలు వేసుకున్నాం. నిగనిగలాడే యాభై మిల్లీమీటర్ల లెన్సు నాకొచ్చింది. అంచు సొట్టపోయిన ఇరవై ఎనిమిది వాడికొచ్చింది. రైల్లో వస్తూ వాడి మొహం చూసి నేను లోపల్లోపల ఎంత సంబరపడ్డానో ఆ దేవుడికి తెలుసు.

రేంజ్‌ఫైండర్ తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. దాంట్లో మనం లెన్సులోంచి చూడం. పక్కనే చిన్న కిటికీ ఉంటుంది, దాంట్లోంచి చూస్తాం. కిటికీ మధ్యలో పసుప్పచ్చటి చిన్న చదరం ఉంటుంది. అందులో ఎదుటి మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పుతూ పోతే ఆ రెండూ వచ్చి ఒకటవుతాయి. అయితే ఫోకసు కుదిరినట్టు. వెలుతురులో ఇది సుఖంగానే ఉంటుంది. చీకట్లో మాత్రం ఒకటయ్యాయో లేదో ఎవరికీ తెలియదు.

మా నాయన అంగడి చీకటి కొట్టు. ఎనిమిదడుగుల వెడల్పు, పొడుగ్గా లోపలికి పోతుంది. పైన బండలు, మూడు పక్కలా తానులు. పగలు ఆయన లైటు వేయడు. ట్యూబులైటు కింద గుడ్డ రంగు మోసం చేస్తుందని ఆయన పట్టుదల. గుడ్డ నచ్చినవాళ్ళు తానును భుజాన వేసుకుని గడప దాకా పోయి, ఎండలో రంగు చూసుకుని రావాల్సిందే. ముదిగుబ్బ నుంచి గొర్రెలు అమ్ముకుని వచ్చినవాళ్ళు కూడా పంచె అంచును ఎండలో అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఆ తర్వాతే బేరానికి కూర్చుంటారు. ఆ చీకట్లో నా యాభైతో నేను తీసిన ఫోటోల్లో మా నాయన ఒక చెవో, ఒక భుజమో మాత్రమే ఉండేవాడు. పక్కకు జరుగుదామంటే తానులు, వెనక్కి పోదామంటే రోడ్డు. ఫ్లాషు వేస్తే కళ్ళు మూసుకుంటాడు. అందుకే అక్కడ తీయడం మానేశాను.

ఒకరోజు ఆలస్యమై, మూడింటప్పుడు భోజనం క్యారియర్ ఇవ్వడానికి పోతే మా నాయన చేతిలో ఒక ఫోటో ఉంది. దాన్ని ఆయన కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు. ఆ బస్టాండు స్టూడియోవాడు ఎదురుగా పరుపు మూలన కూర్చుని టీ తాగుతున్నాడు.

"చూడరా, మీ తమ్ముడు తీసినాడు," అన్నాడు మా నాయన.

చూశాను. మా నాయన నవ్వుతున్నాడు. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, పై పళ్ళ సందు కనిపించేటట్టు, కళ్ళు చిన్నవై, ముక్కు పైకి లేచి నవ్వుతున్నాడు. వెనక తానులు అటు చివర నుంచి ఇటు చివర దాకా కనిపిస్తున్నాయి. గడప నుంచి వచ్చిన కాస్త వెలుతురూ ఆయన ఒక చెంప మీద ఉంది. నలభై ఏళ్ళుగా నేను చూస్తున్న మొహం అది. ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు. నాకు కడుపులో మంట లేచింది.

"బాగుండాది," అన్నాను. అంతటితో ఆగి ఉంటే మనిషిననిపించుకునేవాణ్ణి. "కానీ కింద ఇదేంది? ఎవరిదో కట్టె అడ్డమొచ్చినట్టుండాది. ఫ్రేము చూసుకోలేదా?"

ఫోటో కింది అంచు నుంచి నల్లటి గీత ఒకటి మసకగా లేచి, సన్నబడుతూ మా నాయన ఛాతీ దాకా వచ్చింది.

"నిజమే అన్నా, అడ్డమొచ్చింది," అన్నాడు వాడు. వాడూ మా నాయనా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. నన్ను చూసే నవ్వుతున్నారనిపించింది. క్యారియర్ అక్కడ పెట్టేసి వచ్చేశాను.

ఆ ఫోటో నన్ను వదల్లేదు. వాడి గొప్పేమీ లేదు, అంతా లెన్సు గొప్పేనని నాకు నేను చెప్పుకున్నాను. మిల్లీమీటర్లు తగ్గేకొద్దీ ఫోటోలో ఎక్కువ మేర పడుతుంది, ఇరవై ఎనిమిది అంటే వైడు. ఎనిమిదడుగుల కొట్టంతా దాంట్లో పడుతుంది. పైగా దాని కన్ను రెండు దాకా తెరుచుకుంటుంది. ఈ అంకె ఎంత తగ్గితే లెన్సు కన్ను అంత పెద్దదవుతుంది, చీకట్లోంచి అంత వెలుతురు లాక్కుంటుంది. ఆ సొట్ట లెన్సు నా చీటీకి వచ్చి ఉంటే ఆ నవ్వు నాదయ్యేది. రోజూ మధ్యాహ్నం మూడింటికి వాడి స్కూటరు మా నాయన అంగడి ముందు ఆగేది. స్టూడియో గుమ్మంలో నిలబడి చూసేవాణ్ణి. వెలుతురు చూసుకోవడానికి పోతున్నాడు దొంగ అనుకునేవాణ్ణి.

ఇంతలో రోడ్డు వెడల్పు చేస్తారన్న మాట వచ్చింది. మున్సిపాలిటీవాళ్ళు వచ్చి కొలతలు తీసుకుని, మా నాయన అంగడి గోడ మీద పసుప్పచ్చ గీత గీసిపోయారు. గీత సరిగ్గా పరుపు మధ్య నుంచి పోతుంది. నెల లోపల ఖాళీ చెయ్యాలి. పక్క వీధిలో కొత్త కాంప్లెక్సులో మా నాయన ఒక గది చూసుకున్నాడు. గీత చూసి ఊళ్ళో అందరూ అయ్యో అన్నారు. ఆయన మాత్రం ఒకటే మాట అన్నాడు.

"కొత్త అంగట్లో ఎదురు గోడకి ఆ ఫోటో పెద్దది చేసి కట్టిద్దాము. ఈ అంగడి దాంట్లో బాగా కనపడతాండాది."

"ఎవరు తీసింది?" అన్నాను, తెలిసి తెలిసే.

"ఇంగెవరు, మీ తమ్ముడు తీసిందే."

కన్నకొడుకు ఫోటోగ్రాఫరు. మూడు అంగళ్ళ అవతల పేరు రాసిన బోర్డు. వచ్చేవాళ్ళు ఫోటో చూసి 'మీవాడు తీసినాడా?' అని అడుగుతారు. 'కాదు' అని మా నాయన చెబుతాడు. రోజూ చెబుతాడు. తలుచుకుంటేనే ఒళ్ళు మండింది.

"నేను ఇంకోటి తీస్తా నాయనా," అన్నాను.

"తీయి. ఎవరొద్దన్నారు?" అన్నాడాయన. నాకు మిగిలింది ఆ నెల రోజులే. అంగడి పడగొట్టాక ఇంకేం తీసినా అది ఆ అంగడి కాదు.

మర్నాడే బెంగళూరు రైలెక్కాను. పాత లెన్సులు అమ్మే కొట్టువాడు బల్ల మీద రెండు పెట్టాడు. ఒకటి ఇరవై ఎనిమిది, కన్ను రెండు, అచ్చం వాడిలాంటిదే. రెండోది ముప్పై అయిదు, కన్ను ఒకటీ పాయింట్ నాలుగు.

"యాడ తీస్తారు సార్? చిన్న రూములోనా?" అని అడిగాడు కొట్టువాడు, కన్నడం కలిసిన తెలుగులో.

"ఎనిమిదడుగుల అంగడి."

"అయితే ఇరవై ఎనిమిదే తీసుకోండి. ముప్పై అయిదు చాలదు మీకు."

రెండూ కెమెరాకు తగిలించి చూశాను. నాకు కళ్ళద్దాలున్నాయి. ఇరవై ఎనిమిది పెడితే ఫోటోలో పడే మేరను చూపిస్తూ కిటికీలో ఉండే గీత అద్దాల వెనక నుంచి సరిగ్గా కనిపించదు. కళ్ళు అటూ ఇటూ తిప్పి వెతుక్కోవాలి. ముప్పై అయిదు గీత హాయిగా కనిపిస్తుంది. కాకపోతే ఆ లెన్సు లావుగా ఉండి, కిటికీలో కుడిచేతి వైపు కింది మూలను మూసేస్తుంది. కళ్ళద్దాల వల్ల ముప్పై అయిదే నాకు తగిందని కొట్టువాడికి చెప్పాను. ఇంటికొచ్చి మా ఆవిడకీ చెప్పాను. అసలు మాట ఏమిటంటే, వాడిదే నేనూ కొంటే వాడి వెనకాల నడిచినట్టుంటుంది. వాడిది రెండు. నాది ఒకటీ పాయింట్ నాలుగు. వాడి కన్నా పెద్ద కన్ను. పెళ్ళిళ్ళకు వాడే నా పెద్ద జూము లెన్సు ఇచ్చేసి దాన్ని తెచ్చుకున్నాను.

"ఇంట్లో మిక్సీ చెడిపోయి నెలయ్యింది. దాని మీద పడలేదే మీ కన్ను," అంది మా ఆవిడ, లెన్సు తిప్పి చూస్తూ. "ఇది చట్నీ రుబ్బుతాదా?"

మరుసటి రోజే అంగడికి పోయాను. మా నాయన కెమెరా చూడగానే చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. వీపు నిటారు చేశాడు. నోరు మూసుకున్నాడు. పరుపు మీద నుంచి చూస్తే ఆయన భుజాలు కిటికీలో పట్టడం లేదు. లేచి వెనక్కి, ఇంకా వెనక్కి, గడప దాటి రోడ్డు మీదికి పోయాను. అక్కడి నుంచి అంగడంతా పడింది. నా వెనక ఆటోవాడు హారను కొట్టాడు.

"ఏమప్పా, రోడ్డు మీదేం పని నీకు?" అని అరిచాడు. మధ్యలో ఒకామె చీర రంగు చూసుకోవడానికి గడపలోకి వచ్చి నిలబడింది. ఆమె పోయేదాకా మా నాయన అట్లాగే బిగుసుకుని కూర్చున్నాడు. మొత్తం ముప్పై ఆరు నొక్కాను.

ఫిల్ము కడిగి చూస్తే, ఏ మాటకా మాట, లెన్సు దాని పని అది బ్రహ్మాండంగా చేసింది. ఆ చీకట్లో కూడా మా నాయన కనుబొమల వెంట్రుకలు లెక్కపెట్టచ్చు. ముప్పై ఆరింటిలోనూ ఆయన రేషన్ కార్డు మీది ఫోటో మాదిరి ఉన్నాడు. ఇంకో రెండు రోల్స్ తీశాను. మళ్ళీ రేషన్ కార్డే. నెలలో పది రోజులు మిగిలాయి.

సిగ్గు చంపుకుని బస్టాండు దగ్గరికి పోయాను. వాడి స్టూడియోలో కాసేపు వానల గురించీ, ఈసారి శెనక్కాయ ఎండిపోయిన సంగతీ మాట్లాడాను. వాడికి అర్థమైపోయింది.

"ముప్పై అయిదు యాడ చాలుతాదన్నా ఆ అంగడికి? నాదే తీస్కపో," అన్నాడు.

"నీది నాకెందుకప్పా?"

"తీస్కపోన్నా. రేపు మా అత్తగారి ఊరు గుమ్మఘట్టకి పోతాండా. వారం దాకా రాను. ఈడ ఊరికే పెట్టుకుని ఏం చేసేది?"

అడగకుండానే ఇచ్చేశాడు. అదొక మంట. నాది అడిగి ఉంటే నేను ఇచ్చేవాణ్ణా? ఇచ్చేవాణ్ణి కాదు. ఆ సొట్ట లెన్సును చేతిలో తిప్పి చూస్తుంటే, ఫోకసు రింగు మీద గోళ్ళరంగుతో పెట్టిన ఎర్రటి చుక్క కనిపించింది. సరిగ్గా ఏ అంకె మీదా లేదు. ఒక మీటరు అంకెకు కాస్త ఇవతల ఉంది.

"ఈ చుక్కేంది?"

వాడు కిసుక్కున నవ్వాడు. "అది పెద్దనాయన చుక్కన్నా." మా నాయనను వాడు పెద్దనాయనా అని పిలుస్తాడు. "మీ అంగట్లో చీకటికి ఫోకసు కుదిరిందో లేదో తెలుస్తా ఉండలే. తిప్పుతాండా, తిప్పుతాండా, కుదరలే. పెద్దనాయన చూసి చూసి, 'ఏందప్పా ఆ తిప్పేది, కొలుస్తే పోలా' అని మీటరు కడ్డీ తీసినాడు. ఒక కొస ఆయన ముక్కుకి ఆనించుకున్నాడు, ఇంగో కొస నా లెన్సు కాడికి. మీటరుకు నాలుగు వేళ్ళు తక్కువొచ్చింది. ఇనుము గదా, ముక్కుకి చల్లగా తగిలి నవ్వొచ్చింది ఆయనకి, కడ్డీ ఛాతీ కాడికి జారింది. అప్పుడు నొక్కినా. మళ్ళీ మళ్ళీ కొలిసే పనిలేకుండా ఇంటికి పోయి చుక్క పెట్టుకున్నా. నేను కూచునేది ఎప్పుడూ ఆడనే గదా."

"అయితే ఆ కింద నల్లగీత..."

"అదేన్నా మీటరు కడ్డీ. నువ్వు తిట్టినావు చూడు, అదే." వాడు కొంచెం తటపటాయించాడు. "నీకు చెప్పొద్దన్నాడు పెద్దనాయన. 'వాడు కనుక్కుంటాడేమో చూద్దాము' అన్నాడు."

నేను కనుక్కోలేదు. ఆ కడ్డీని చూస్తూ పెరిగాను. చిన్నప్పుడు దాంతో రెండు మూడు సార్లు దెబ్బలు కూడా తిన్నాను. ఫోటోలో తప్పు వెతకడానికి దాన్ని అంతసేపు చూశాను కదా, అది మా అంగడి కడ్డీ అని తట్టలేదు. కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూస్తే ఏం కనిపిస్తుంది? ఆ వేళ దాకా లెన్సు మీద ఏడ్చాను. ఇంటికి నడిచి వస్తుంటే నా ఏడుపు ఆ పరుపు మూల మీదికి, రోజూ మూడింటికి వాడు తాగే ఆ గ్లాసుడు టీ మీదికి మళ్ళింది. వాడు పోయేది వెలుతురు కోసం కాదని అప్పుడు తెలిసింది. వాడు ఊరికే పోతున్నాడు. నేను క్యారియర్ ఇచ్చి, గడపలోంచే వచ్చేసేవాణ్ణి.

మర్నాడు మూడింటికి ఆ లెన్సు తగిలించుకుని అంగడికి పోయాను. చెప్పులు విప్పి పరుపు మూలన కూర్చున్నాను. మా నాయన ఒక తాను చుడుతున్నాడు. చుట్టడం ఆపి నన్ను చూశాడు.

"ఏమిరా, ఏం కావాల్నో?"

"ఏమీ లేదు నాయనా. ఊరికే."

"ఊరికేనా?" ఆయనకు నమ్మకం కుదరలేదు. "ఇంట్లో అందరూ బాగుండారా? ఏమన్నా ఇబ్బంది పడతాండావా? దుడ్లు కావాల్నా?"

ఎన్నేళ్ళయిందో నేను అక్కడ కూర్చుని. నేను కూర్చుంటే ఏదో కష్టం వచ్చిందని ఆయన లెక్క. కాదు నాయనా, కాదు నాయనా అంటూ ఉండిపోయాను. టీ వచ్చింది. తాగాం. ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. రోడ్డు పని గురించి అడిగాను, చెప్పాడు. మోకాలి నొప్పి గురించి అడిగాను, చెప్పాడు. తర్వాత ఆయన చూపు గడప మీదికి పోయింది.

"వాడింకా రాలేదే," అన్నాడు.

"అత్తగారి ఊరికి పోయినాడు."

"ఓ, చెప్పినాడు చెప్పినాడు. మర్సిపోయినా."

నాకు మళ్ళీ భగ్గుమంది. కెమెరా తీశాను. రింగు ఎర్రచుక్క మీదికి తిప్పాను. మా నాయన చెయ్యి పై గుండీ దాకా పోయి, లెన్సు చూసి ఆగిపోయింది. చుక్కను గుర్తుపట్టాడు. ఇంకేమీ అడగకుండా పక్కనున్న మీటరు కడ్డీ తీసి, ఒక కొస ముక్కుకు ఆనించుకుని రెండోది నా వైపు చాపాడు. అది నా లెన్సు దాకా రాలేదు.

"ఇంకా జానెడు దూరముండావు," అన్నాడు. "ముందుకు రా."

జరిగాను.

"ఇంకా రారా. వాడు ఈడ దాకా వస్తాడు."

నా మోకాలు ఆయన మోకాలికి తగిలేదాకా జరిగాను. నా వైపు కొసన నాలుగు వేళ్ళు పెట్టి కడ్డీ పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. ఒక కొస ఆయన ముక్కు దగ్గర, ఒక కొస నా చేతిలో. కిటికీలో చూశాను. ఆ మసక చీకట్లో పసుప్పచ్చ చదరంలో మా నాయన ఒక్కడో ఇద్దరో నాకు తెలియలేదు. కళ్ళద్దాల లోపల తడి.

"నువ్వు కనుక్కోలేదు గదరా," అన్నాడు మా నాయన మెల్లగా.

అప్పుడు నొక్కాను.

ఆ ఫోటోలో ఆయన నవ్వడం లేదు. నన్నే చూస్తున్నాడు, ఏదో అడిగినవాడు జవాబు కోసం చూసినట్టు. దాన్ని ఆయనకు చూపిస్తే చాలాసేపు చూసి, "ఇది నీ కాడ పెట్టుకో," అన్నాడు. కొత్త అంగట్లో ఎదురు గోడ మీద వాడు తీసిన నవ్వే కట్టించాం. మేకు నేనే కొట్టాను. 'మీవాడు తీసినాడా?' అని వచ్చేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. మా నాయన ఏమని చెబుతాడో వినడానికి నేనిప్పుడు అక్కడే ఉంటున్నాను. 'మా చిన్నోడు తీసినాడు' అంటాడు. నాకు కాలుతుంది.

కొత్త అంగడికి ఎండ రాదు. రోజంతా ట్యూబులైట్లు వెలగాల్సిందే. గుడ్డ రంగు చూసుకోవడానికి జనం మెట్లు దిగి వీధిలోకి పోతున్నారు. ఆ ట్యూబులైట్ల వెలుతురుకు పెద్ద కన్ను అక్కర్లేదు, ఏ లెన్సయినా చాలు. నా ముప్పై అయిదు బీరువాలో పడి ఉంది. వాడి ఇరవై ఎనిమిది వాడికి ఇచ్చేశాను. పాత పరుపు మాత్రం మోసుకొచ్చి వేశాం.

వాడు ఇప్పటికీ మూడింటికి వస్తాడు. నేను మూడుకు పది నిమిషాల ముందే పోయి పరుపు మూలన, మా నాయన మోకాలికి ఆనుకుని కూర్చుంటాను. వాడు స్కూటరు ఆపి, మెట్లెక్కి, నన్ను చూసి నవ్వుతాడు.

"జరుగన్నా. కొంచెం చోటియ్యి," అంటాడు.

నేను జరగను.